పిట్ట ముఖానికి మూడో వంతు చాలు

మాక్రో లెన్సు (చిన్నవాటిని అతి దగ్గర నుంచి తీసేది) కొన్నవాళ్లను దాని మీద రాసి ఉండే ‘1:1’ అనే గుర్తు ఊరికే ఉండనివ్వదు. 1:1 అంటే వస్తువు కెమెరా సెన్సర్ (బొమ్మను పట్టే పలక) మీద అసలు సైజులోనే పడటం, 1:3 అంటే మూడో వంతు సైజులో పడటం. 1:1 దాకా దగ్గరికి వెళ్లకపోతే పోసిన డబ్బు దండగ అన్నట్టు ఉంటుంది. ఇంట్లో బడ్జీ పిట్ట కూడా ఉంటే ఇక అడగక్కర్లేదు. చీమ కోసం తోటలో బోర్లా పడుకోవాల్సిన పని లేదు, తూనీగ కోసం తెల్లారకముందే లేవాల్సిన పని లేదు, పిట్ట పంజరంలోనే ఉంది. తీరా తీసి చూస్తే కంటి చుట్టూ ఒక సన్నటి వలయం పదునుగా ఉంటుంది, మిగతా తలంతా పచ్చటి పొగ. చెయ్యి వణికిందనుకుంటారు, కెమెరా పాతదనుకుంటారు. తప్పు ఆ రెంటిదీ కాదు, 1:1ది. ప్రాణమున్న పిట్టను 1:3 దగ్గర ఆగి తీయాలి, 1:1ను రాలిన ఈకకు దాచుకోవాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. అయితే దీనికి ఒప్పుకోనివాళ్లే ఎక్కువ కాబట్టి లెక్కలతో సహా చెప్పాలి.

ముందు పేరు సంగతి. మన ఊళ్లలో ‘లవ్ బర్డ్స్’ అని జంటలుగా అమ్మేవి చాలాసార్లు లవ్ బర్డ్స్ కావు, బడ్జీలు. బడ్జీ ఆస్ట్రేలియా పిట్ట. 1840లో పక్షి శాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్ ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాక అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, వాటివి పొట్టి తోకలు. ఇక్కడి లెక్కలన్నీ బడ్జీకే: పొడవు సుమారు 18 సెం.మీ., బరువు 30 నుంచి 40 గ్రాములు, తల వెడల్పు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. కాక్‌టీల్‌ (బడ్జీ కంటే పెద్ద పెంపుడు చిలుక) ఉన్నవాళ్లు అన్నీ కాస్త పెంచుకోండి. రామచిలుక ఊసు మాత్రం ఎత్తకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. ఫొటో ఎంత బాగా వస్తే సాక్ష్యం అంత గట్టిగా ఉంటుంది.

ఇక లెక్క. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36×24 మి.మీ. 1:1 అంటే సరిగ్గా అంతే చోటు ఫ్రేములో పడుతుంది, అంటే బడ్జీ తల ఒక్కటే, అంచులకు ఆనుకుని. అపర్చర్‌ను (లెన్సులో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగే కొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్8లో ఉంచినా అక్కడ పదునుగా వచ్చే మందం దాదాపు 1 మి.మీ. మాత్రమే. గుడ్డు పెంకుకు ఓ మూడు రెట్లు మందం, అంతే. ఎఫ్16కి తగ్గిస్తే 2 మి.మీ. అవుతుంది కానీ దానికి వేరే చోట చెల్లించాలి. 1:1లో ఎఫ్16 నిజానికి ఎఫ్32లా పనిచేస్తుంది. రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం), డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో దూరేటప్పుడు వెలుగు చెదరడం) వల్ల పదును ఉన్న చోట కూడా మెత్తబడుతుంది. (నికాన్ కెమెరాలు ఈ మారిన అంకెనే చూపిస్తాయి, కెనాన్‌వి చూపించవు. ఎఫ్2.8 లెన్సును దగ్గరికి తెచ్చేసరికి ఎఫ్5 దాకా పోయిందని కంగారు పడి సర్వీసుకు ఇవ్వకండి.) అదే ఎఫ్8 దగ్గర 1:2లో మందం 2.9 మి.మీ., 1:3లో 5.8, 1:4లో 9.6. దూరం జరిగే కొద్దీ మందం ఎంత తొందరగా పెరుగుతోందో చూడండి.

పిట్ట నిశ్చలంగా కూర్చున్నట్టు మన కంటికి కనిపిస్తుంది. కానీ అది నిమిషానికి 60 సార్లకు పైగా ఊపిరి తీస్తుంది, తీసిన ప్రతిసారీ ఒళ్లంతా కదులుతుంది. కెమెరా పట్టుకున్న మనిషి కూడా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటాడు. ఇద్దరి ఊపూ కలిసి మిల్లీమీటరు ఎప్పుడో దాటిపోతుంది. 1:1లో వందలో ఒక్క ఫొటో కుదిరిందంటే అది నేర్పు కాదు, లాటరీ.

దీనికి ఎదుటివాళ్ల జవాబు ఒకటుంది, అది బలమైనదే. ‘1:3లో తీసి తల వరకు క్రాప్ చేస్తే, పెద్దది చేసి చూస్తున్నాం కాబట్టి ఆ 5.8 మి.మీ. కూడా చిక్కిపోతుంది కదా?’ నిజమే, చిక్కిపోతుంది. 1:1 ఫ్రేముతో సమానంగా కోసి చూస్తే మిగిలేది సుమారు 1.9 మి.మీ. అయినా అది 1:1లో వచ్చేదానికి రెట్టింపు. పైగా వెలుతురు ఒక స్టాపుకు మించి ఎక్కువ దొరుకుతుంది. పోగొట్టుకునేది పిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 1:3 దగ్గర రెండు సెంటీమీటర్ల తల దాదాపు 1,100 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. ఫోను తెర నింపడానికి అది చాలు. గోడకు పెద్ద ప్రింటు వేయించాలంటే చాలదు. అయితే గోడకు తగిలించే బొమ్మకు తల ఒక్కటే ఎందుకు? 1:3 ఫ్రేము 108×72 మి.మీ. చోటును చూస్తుంది. తల, గొంతు మీది నల్ల చుక్కలు, రొమ్ము, భుజం మీది చారలు అన్నీ అందులో పడతాయి. పిట్ట పిట్టలా కనిపిస్తుంది.

లెక్కల కంటే నాకు ముఖ్యమైనది దూరం. 100 మి.మీ. మాక్రో 1:1 దగ్గర ఉన్నప్పుడు ముందరి గాజుకూ పిట్టకూ మధ్య 13 నుంచి 15 సెం.మీ. ఉంటుంది. 1:3లో అది 30 సెం.మీ.కి పెరుగుతుంది. ముప్పై గ్రాముల ప్రాణి ముఖం ముందుకు గుండ్రటి నల్లటి పెద్ద గాజు కన్ను జానెడు దూరంలోకి వస్తే అదేమనుకుంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఆ దూరంలో లెన్సు నీడ పిట్ట మీదే పడుతుంది. కిటికీ వెలుగంతా వృథా. అందుకే 60 మి.మీ. మాక్రో ఎంత చవగ్గా దొరికినా పిట్టకు పనికిరాదని చెబుతాను. 150, 180 మి.మీ. లెన్సులు దీనికి మేలు, చేతి నొప్పి భరించగలిగితే.

1:3 చాలనుకుంటే అసలు మాక్రో లెన్సే అక్కర్లేకపోవచ్చు. లెన్సు అమ్మేవాళ్లు చెప్పని మాట ఇది. 70-200 జూమ్‌కు 36 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే బోలు గొట్టం) తగిలిస్తే 200 దగ్గర 1:3 సులువుగా దాటుతుంది, దూరం అర మీటరు పైనే ఉంటుంది. ట్యూబులో గాజు ఉండదు కాబట్టి నాణ్యత పెద్దగా పోదు. దూరంగా ఉన్నవాటి మీద ఫోకస్ కుదరదు, అంతే. లెన్సు ముందు తగిలించే రేనాక్స్ 150 లాంటి క్లిప్పు లెన్సు ఇంకా తేలిక. దాని శక్తి 4.8 డయాప్టర్లు, జూమ్‌ను అనంతం దగ్గర ఉంచితే 20 సెం.మీ. దూరంలో ఫోకస్ అవుతుంది. 70 మి.మీ. దగ్గర 1:3, 200 దగ్గర దాదాపు 1:1. ఫోన్‌లో మాక్రో మోడ్ జోలికి వెళ్లకండి. చాలా ఫోన్లలో అది అల్ట్రావైడ్ కెమెరాతో రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర నుంచి తీస్తుంది, పిట్ట ముక్కు ఉబ్బి తల చిక్కిపోతుంది. టెలి కెమెరా ఉంటే దానితో తీసి క్రాప్ చేయండి.

ఎంత మందం దొరికినా దాన్ని ఎక్కడ పెడతామన్నదే అసలు పని. పిట్టను పూర్తిగా పక్క నుంచి తీస్తే కన్నూ ముక్కూ రెండూ పదునుగా వస్తాయని అందరూ అనుకుంటారు. రావు. ముక్కు తల మధ్య గీత మీద ఉంటుంది, కన్ను పక్కన ఉంటుంది. పక్క నుంచి చూసినప్పుడు కన్ను మనకు ఏడెనిమిది మి.మీ. దగ్గరగా, ముక్కు అంత దూరంగా ఉంటాయి. నేరుగా ఎదుటి నుంచి తీస్తే ఇది తిరగబడుతుంది, ముక్కు కొన ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు ముందుకు పొడుచుకొస్తుంది. ఈ రెంటి మధ్యలో, పిట్ట పక్క చూపు నుంచి మన వైపు సుమారు 30 డిగ్రీలు తిరిగినప్పుడు, ఇవతలి కన్నూ ముక్కు కొనా ఒకే తలంలోకి వస్తాయి. ఎఫ్8లో 1:3 దగ్గర కన్ను, ముక్కు, దాని పైన ఉబ్బుగా ఉండే సియర్, గొంతు చుక్కల్లో ఇవతలివి అన్నీ ఆ ఆరు మిల్లీమీటర్లలో ఇముడుతాయి. పిట్ట తిరిగేదాకా ఆగలేకపోతే మీరే కాస్త పక్కకు జరగండి. పిట్ట వాలే కర్రను కెమెరాకు ఏటవాలుగా కట్టుకుంటే సగం సమయాల్లో అది దానంతటదే ఆ కోణంలో కూర్చుంటుంది.

ఫోకస్ కన్ను మీదే, అందులోనూ కనుపాప అంచు మీద. పెరిగిన బడ్జీల్లో చాలావాటికి కనుపాప చుట్టూ తెల్లటి వలయం ఉంటుంది, ఫోకస్‌కు అది మంచి పట్టు. పిల్ల బడ్జీల కన్ను మొత్తం నలుపే, కిటికీ మెరుపు కంట్లో పడకపోతే గుండు సూది తలకాయలా చచ్చిన కన్నులా వస్తుంది. ఆటోఫోకస్ లెన్సును ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తిస్తుంటే లెన్సు మీది లిమిటర్ మీట (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించేది) వాడండి. అప్పటికీ కుదరకపోతే మాన్యువల్‌లో 1:3 దగ్గర స్థిరపరిచి, ఒళ్లు ముందుకూ వెనక్కూ మెల్లగా జరుపుతూ కన్ను పదునెక్కిన క్షణంలో వరుసగా మూడు నుంచి ఐదు ఫొటోల బర్స్ట్ కొట్టండి. ఒక్కటి కొడితే పక్షికుండే మూడో రెప్ప అడ్డం వచ్చి కన్ను పాలు పోసినట్టు కనబడే ప్రమాదం ఉంది. ట్రైపాడ్ ఇక్కడ అడ్డమే, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చాలు.

వెలుతురు విషయంలో కిటికీని మించింది లేదు. ఎండ నేరుగా పడని కిటికీ, లేదా పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టిన కిటికీ. అవతలి వైపు ఒక థర్మోకోల్ షీటు నిలబెడితే నీడ పక్కన కూడా ఈకలు కనిపిస్తాయి. అలా చేసినా ఎఫ్8, సెకనులో 320వ వంతు, ఐఎస్ఓ 3200 దాకా పోక తప్పదు. నాయిజ్ వస్తుందని షటర్ తగ్గించకండి. గింజలా కనబడే నాయిజ్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఈకను ఎవరూ బాగుచేయలేరు. వెలుగు కోసం పంజరాన్ని ఎండలో మాత్రం పెట్టకండి. పక్షికి చెమట పట్టదు, మన ఏప్రిల్ ఎండలో పావుగంట చాలు ప్రమాదానికి.

గది ఎల్‌ఈడీ బల్బు కింద తీస్తే ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. షటర్ చప్పుడుకు పిట్ట ఉలిక్కిపడుతుందని చాలామంది ఎలక్ట్రానిక్ షటర్ పెడతారు. అది మంచిదే కానీ బల్బు కింద ఫొటో మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. 100వ వంతు సెకనులో చారలు పోతాయి, పిట్ట మాత్రం కదులుతుంది. కాబట్టి చప్పుడు లేని షటర్, కిటికీ వెలుగు, ఈ రెండూ జోడెడ్లు.

ఫ్లాష్ వాడకూడదని నేను అనను. చీకటి గదిలో వాడకూడదంటాను. పగటి వెలుగున్న గదిలో, తెల్ల గోడ మీదికి తిప్పి, 16వ వంతు పవర్‌లో కొడితే చాలా పిట్టలు రెండు మూడు సార్ల తర్వాత పట్టించుకోవు. పట్టించుకునే పిట్ట అయితే ఆపేయాలి. రింగ్ ఫ్లాష్ మాత్రం వద్దు, గుండ్రటి నల్ల కంట్లో గారెలా కనిపిస్తుంది.

పంజరం ఊచల్లోంచి తీయాల్సి వస్తే అందరూ చేసే తప్పు అపర్చర్ బాగా మూయడం. బడ్జీ పంజరంలో ఊచల మధ్య సందు సుమారు 12 మి.మీ. 100 మి.మీ. లెన్సులో ఎఫ్4 దగ్గర వెలుగు దూరే రంధ్రం 25 మి.మీ., అంటే ఊచ అడ్డం వచ్చినా పక్క నుంచి వెలుగు దూరి ఊచ కరిగిపోతుంది. ఎఫ్16లో రంధ్రం ఆరు మి.మీ., ఊచ నల్లటి పొగచారలా మిగులుతుంది. లెన్సును ఊచలకు దాదాపు ఆనించి, పిట్ట అవతలి చివర ఉన్నప్పుడు, ఎఫ్4, ఎఫ్5.6లోనే తీయాలి. తెల్ల ఊచల మీద, ఇత్తడి రంగు ఊచల మీద వెలుగు పడితే ఫొటో మొత్తం వెలిసిపోతుంది, కెమెరా వైపు ఊచల మీద నల్ల గుడ్డతో నీడ పట్టండి. మందం తగ్గిపోతుంది కాబట్టి 1:4 దగ్గరే ఆగాలి. ఇంత తంటా కంటే బయటికి వదిలి తీయడం నయం.

బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా పంజరం తలుపు తీయకూడదు. కిటికీకి దోమల జాలీ ఉండాలి, అద్దం మీద గుడ్డ కప్పాలి, వంటింటి తలుపు మూయాలి. అగరొత్తి, మస్కిటో కాయిల్ పొగ ఆ గదిలో వద్దు. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ అయితే పక్షిని నిమిషాల్లో చంపుతుంది. కిటికీ దగ్గర వాలడానికి వేలు మందం ఉన్న వేప కొమ్మో జామ కొమ్మో కట్టండి, గన్నేరు కొమ్మ విషం. కొమ్మ వెనక గోడ కనీసం మీటరు దూరంలో ఉంటే బ్యాక్‌గ్రౌండ్ దానంతటదే కలిసిపోతుంది. పచ్చ పిట్టకు పచ్చ గోడ వద్దు, ఆ రంగు గొంతు కింది ఈకల మీద కూడా పడుతుంది. ఎర కోసం పెట్ షాపులో ‘మిల్లెట్ స్ప్రే’ అని ఖరీదుగా అమ్మేది వేరేదేమీ కాదు, మన కొర్ర కంకి. కొర్ర పండే ఊళ్లలో చుట్టాలుంటే కట్టలు కట్టలు తెచ్చుకోవచ్చు. మందు కొట్టని చేలోది అయి ఉండాలి. కంకిని కెమెరా పక్కన కాకుండా లెన్సుకు కాస్త కింద కట్టండి, తినడానికి వంగి లేచిన ప్రతిసారీ తల మీ కోణంలోకి వస్తుంది. ముక్కుకు అంటిన పొట్టు మాత్రం 1:3లోనే దుంగలా కనబడుతుంది, అది దులుపుకునేదాకా ఆగండి.

అలవాటు చేయడానికి తొందర పనికిరాదు. మూత పెట్టిన లెన్సుతో కెమెరాను మీటరు దూరంలో ఊరికే పెట్టి వదిలేయండి. పిట్ట మామూలుగా తింటుంటే మర్నాడు ఒక జానెడు దగ్గరికి. వారం, పది రోజులు పడుతుంది. ఒళ్లు చూసి పోల్చుకోవచ్చు: ఈకలన్నీ ఒంటికి అతుక్కుని సన్నగా పొడుగ్గా నిలబడితే భయం, తినడం మానితే భయం, నోరు తెరిచి ఎగశ్వాస పెడితే ఆరోజుకు కెమెరా సర్దేయాలి. ఒక కాలు ముడుచుకుని, బుగ్గ ఈకలు ముక్కు మీదికి ఉబ్బించి, ముక్కు నూరుతున్న చప్పుడు చేస్తుంటే అంతకంటే మంచి సమయం దొరకదు. ఒక్కో రోజు పది నిమిషాలకు మించి తీయకండి.

చేత్తో పట్టుకుని తీయడాన్ని మాత్రం నేను ఏ రకంగానూ సమర్థించను. పక్షికి మనలా విభాజక పటలం లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ‘కదలకుండా కాస్త గట్టిగా’ పట్టుకుంటే ఊపిరి ఆపినట్టే. ఫోకస్ స్టాకింగ్ (ఒక్కోచోట ఫోకస్ పెట్టి తీసిన ఫొటోలను ఒకటిగా కలపడం) కోసం నిద్రపోతున్న పిట్ట మీద ఇరవై ఫొటోలు తీసేవాళ్ల వాదన కూడా తేలిపోతుంది, ఊపిరికి ఈకలు కదిలి అంచులు రెండుగా అతుకుతాయి. బతికున్న పిట్టను 1:2 దాకా తీసే అవసరం నాకు తెలిసి ఒక్కటే. సియర్ మీద, ముక్కు మూలల్లో తేనెతుట్టెలా గరుకు పొక్కు కట్టడం కంటికి సరిగా కనబడదు, ఫొటోలో పెద్దది చేస్తే బయటపడుతుంది. అది పురుగు వల్ల వచ్చే జబ్బు. ఆ ఫొటో పక్షుల డాక్టరుకు చూపించడానికి, మందు ఆయన ఇవ్వాలి.

1:1 కావాలా, ఈకలు మార్చుకునే రోజుల్లో పంజరం అడుగున వెతకండి. రెక్క ఈక, తోక ఈక, గొంతు చుక్క ఉన్న చిన్న ఈక అన్నీ దొరుకుతాయి. నలిగిన ఈకను ఇడ్లీ కుండ ఆవిరికి కొన్ని సెకన్లు చూపించి, మొదలు నుంచి కొన దాకా రెండు వేళ్ల మధ్య లాగితే విడిపోయిన పోగులు జిప్పులా మళ్లీ అతుక్కుంటాయి. ఆరాక బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి. కాడ మొదలును బట్టల క్లిప్పుతో పట్టి నిలబెట్టి, ఫ్యాను, ఏసీ రెండూ ఆపి, ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్5.6, రెండు సెకన్ల టైమర్. ఈక వంపు మూడు మి.మీ. ఉంటే ఫోకస్ రైలు (కెమెరాను కొద్దికొద్దిగా జరిపే పట్టా) మీద 0.2 మి.మీ. చొప్పున జరుపుతూ 15 నుంచి 20 ఫొటోలు, తర్వాత హెలికాన్, జెరీన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలపడం. ఇక్కడ తొందర లేదు, ఎవరూ బెదరరు, ఒక్కో ఫొటోకు అర సెకను పట్టినా నష్టం లేదు.

వెలుగు పక్క నుంచి ఏటవాలుగా రావాలి. వెనక నుంచి వేస్తే నీలం ఈక బూడిద గోధుమగా మారిపోతుంది, రంగు తప్పిందని వైట్ బ్యాలెన్స్‌తో కుస్తీ పడతారు. బడ్జీ ఈకలో నీలం రంగు పదార్థమే లేదు. పోగుల లోపలి స్పాంజి లాంటి కెరటిన్ నీలం వెలుగును వెనక్కి చిమ్ముతుంది, దాని వెనకున్న నల్ల మెలనిన్ మిగతా వెలుగును మింగేస్తుంది. పైన పసుపు రంగు ఉంటే పచ్చ, లేకపోతే నీలం. మెలనిన్ లేని లుటినో పిట్ట పసుపుగా, ఆల్బినో తెల్లగా ఉండేది అందుకే. వెనక నుంచి వెలుగు వేస్తే మనకు కనిపించేది ఆ మెలనిన్ మాత్రమే. కాబట్టి ఒకే ఈకను ముందు వెలుగుతో ఒకసారి, వెనక వెలుగుతో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టండి.

నెత్తి మీది పసుపు ఈకలు దొరికితే ఇంకొకటి చేయవచ్చు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి కింద అవి మిణుగురులా వెలుగుతాయి. చీకటి గది, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్, మీ కళ్లకు తగిన అద్దాలు. పంజరం మాత్రం వేరే గదిలో ఉండాలి. మనకు చీకటిగా తోచే ఆ వెలుగు బడ్జీ కంటికి కనిపిస్తుంది.